లచ్చవ్వ చెప్పిన వయసు

మొన్నీమధ్య అడిక్‌మెట్ నుంచి ఒక లా విద్యార్థిని చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చింది. చదువు అయిపోవస్తోంది, బీమా కేసులు చేద్దామనుకుంటున్నాను, నాలుగు మాటలు చెప్పండి మేడం అంది. మాటల్లో మాటగా, వేరే దేశాల్లో జ్యూరీ అని మామూలు మనుషులు కూర్చుని నష్టపరిహారం తేలుస్తారట, వాళ్లు జాలిపడి మరీ ఎక్కువ ఇచ్చేస్తే జడ్జి దాన్ని తగ్గిస్తాడట, మన దగ్గర అలాంటిది ఉందా అని అడిగింది.

మన దగ్గర జ్యూరీ లేదు కానీ జాలి ఉంది. జాలిపడేదీ, లెక్క కట్టేదీ ఒక్క జడ్జిగారే. రోడ్డు ప్రమాదాల కేసుల్లో ట్రిబ్యునల్‌లో కూర్చున్న జడ్జి ఇంత ఇవ్వాలని తీర్పు రాస్తారు. అది మరీ ఎక్కువని బీమా కంపెనీకి అనిపిస్తే హైకోర్టుకు వెళ్తుంది. అక్కడి జడ్జి లెక్క మళ్లీ చూసి తగ్గిస్తారు. తగ్గించమని కంపెనీ తరఫున నిలబడి వాదించడానికి ఒక మనిషి కావాలి. ప్రాక్టీసు మానేసేదాకా నేను చేసిన పని అదే.

ఆ అమ్మాయికి ఆ పూట చెప్పింది కొంతే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఏ కంపెనీలో ఎప్పుడు చేరాను, ఎవరు ఎంత ఫీజిచ్చారు అనే సోదంతా వదిలేస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను నిజంగా నిర్ఘాంతపరిచింది ఒక్క కేసు. రెండు వేల తొమ్మిదిలో మొదలై పద్నాలుగులో ముగిసింది. అది చెబితే ఈ పనిలో తెలుసుకోవలసిందంతా దాంట్లోనే వస్తుంది.

కోసే పని

పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటారండీ అని అడిగి, చెప్పాక మొహం అటు తిప్పుకునేవాళ్లు. చచ్చినోళ్ల పైసలు కోసేదానివా వదినా అని మా ఆడపడుచు ఒకసారి అందరి ముందూ అనేసింది. అవును, కోసేదాన్నే. సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్టున్న ఒకాయన ప్రమాదంలో చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కొట్టు నష్టాల్లో ఉందని ఆదాయపు పన్ను వాళ్లకు ఏటేటా చెప్పుకుంటూ వచ్చిన మనిషి, ట్రిబ్యునల్ ముందుకొచ్చేసరికి నెలకు లక్షలు పోగొట్టుకుంటున్నానని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జడ్జిగారు కరిగిపోయి అడిగినంతా ఇచ్చేశారు. ఆ తీర్పును హైకోర్టులో కోయించి, ఆ రోజు ఇంటికొచ్చి హాయిగా పూరీలు చేసుకుని తిన్నాను.

ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. బండి ఉన్న ప్రతివాడూ ఏటా కట్టే డబ్బే అది. అడ్డగోలుగా ఒకరికి పోతే, న్యాయంగా రావలసిన ఇంకొకరి దగ్గర కంపెనీ గీచి గీచి బేరమాడుతుంది. కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్లు సిగ్గుపడనక్కర్లేదు. ఎవరిది కోస్తున్నామో, ఎందుకు కోస్తున్నామో తెలిస్తే చాలు.

ముందు వయసు అడుగు

నాకు పని నేర్పింది నర్సింగరావు గారు. నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్ పై అంతస్తులో ఆయన ఆఫీసు. కోపిష్టి, పిసినారి, నోరు విప్పితే సగం ఉర్దూ. జూనియర్లకు జీతం ఇవ్వడం మరిచిపోయేవారు కానీ కింద నుంచి చాయ్ తెప్పించడం ఎన్నడూ మరిచిపోలేదు. ఆయన దగ్గర చేరిన మొదటి వారమే చెప్పారు, "కేసు చేతికి రాంగనే ముందు వయసు అడుగు. మిగిలినయన్ని వాదనలు. వయసొక్కటే లెక్క."

ఆ లెక్క చదివేవాళ్లకు చెప్పాలి. చనిపోయిన మనిషి ఏడాదికి ఇంటికి ఎంత ఇచ్చేవాడో తేల్చి, దాన్ని ఒక అంకెతో గుణిస్తారు. వయసు తక్కువైతే ఆ అంకె పెద్దది, వయసు పెరిగేకొద్దీ చిన్నది. పెళ్లికాని కుర్రాడు పోతే, ఆ రోజుల్లో హైకోర్టులో చాలామంది జడ్జీలు కొడుకు వయసు కాకుండా తల్లి వయసు చూసేవాళ్లు. ఆ డబ్బు మీద బతకాల్సింది తల్లి కాబట్టి ఆమె ఇంకెన్నాళ్లుంటుందన్నదే ప్రశ్న అనేవాళ్లు. తల్లికి నలభై మూడేళ్లయితే పద్నాలుగుతో గుణిస్తారు. అరవై ఐదేళ్లయితే ఏడుతో. అంటే సరిగ్గా సగం.

మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. తల్లి ఎంత ముసలిదైతే కొడుకు అంత చవకా అని అడిగాను. ఆయన చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ, "గట్లనే ఉంటది. మనసుకు పట్టకుంటే ఇంటికి పోయి కవితలు రాస్కో" అన్నారు.

పల్లెటూరి మనుషులు వయసు ఎలా చెబుతారో కూడా ఆయనే నేర్పారు. సూటిగా అంకె చెప్పరు. యాభై ఉంటయేమో అంటారు, మీరే చూసి రాస్కోండ్రి అంటారు, పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చింది అంటారు. ఊరి మనిషి ఎవరైనా తడుముకోకుండా అంకె చెప్పారంటే అది వాళ్ల అంకె కాదు, ఎవరో చెప్పించిన అంకె అనేవారు. ఆయన చెప్పినవాటిలో ఇది నాకు బాగా పనికొచ్చింది, అదీ చాలా ఆలస్యంగా.

అశోక్ నగర్ గది

చనిపోయిన కుర్రాడి పేరు నరేశ్. ఇరవై ఆరేళ్లు. జనగామ దాటి లోపలికి పోతే వాళ్ల ఊరు. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్-1కు చదువుతున్నాడు. మెయిన్స్ పాసయ్యాడు, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. లైబ్రరీలో కుర్చీ దొరకాలని పొద్దున్నే నడిచి వెళ్తుంటే, నీళ్ల ట్యాంకర్ ఒకటి చూడకుండా వెనక్కి వచ్చి గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. తప్పంతా ట్యాంకర్‌దే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ ట్యాంకర్‌కు బీమా ఇచ్చిన కంపెనీకి నేను లాయర్‌ని. అతని తల్లి లచ్చవ్వ, చెల్లెలు రజిత నష్టపరిహారం కోసం కేసు వేశారు. తండ్రి ఎప్పుడో దుబాయ్ పోయాడు. కొన్నాళ్లు డబ్బు పంపాడు, తర్వాత కబురే లేదు. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు.

హాస్టల్ మా ఇంటికి నడిచేంత దూరమే కాబట్టి నేనే వెళ్లాను. కంపెనీ పంపే మనుషులు చాయ్ కొట్టు దగ్గర కూర్చుని రిపోర్టు రాసేస్తారు, వాళ్ల మీద నాకు నమ్మకం లేదు. మూడో అంతస్తులో నాలుగు మంచాల గది. గోడ కనబడకుండా పటాలు, చార్టులు. ఆరేసిన బట్టలు పక్కకు జరుపుకుంటూ లోపలికి పోవాలి. నరేశ్ మంచం మీద అప్పటికే ఇంకో కుర్రాడు చేరి చదువుకుంటున్నాడు. పక్క మంచం శ్రీకాంత్‌ది. నరేశ్‌కు దగ్గరి స్నేహితుడు. నేను అవతలి పక్షం లాయర్‌నని చెప్పినా కూర్చోమని కుర్చీ వేశాడు.

నరేశ్ సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడట. వచ్చినదాంట్లో గది కిరాయి పోను మిగిలింది చెల్లెలి చదువుకు పంపేవాడు. ఊరికి పోతే మాత్రం విశ్రాంతి ఉండేది కాదట. ఊళ్లో సగం మంది వాళ్ల అరుగు మీదే కూర్చునేవాళ్లు. ఏ పథకం ఎవరికి వర్తిస్తుందో, ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో అతనికి కంఠతా. అందరికీ రాసిపెట్టేవాడు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "ఊరోళ్లు అప్పటికే కలెక్టర్ సారనెటోళ్లు మేడం. ఆయనకు సిగ్గయ్యేది" అన్నాడు శ్రీకాంత్.

అతను తన మీద ఎంత ఖర్చు పెట్టుకునేవాడని అడిగాను. శ్రీకాంత్‌కు ప్రశ్న అర్థం కాలేదు. ఖర్చేముంటది మేడం, ఒక్క పూట మెస్‌ల తినెటోడు, రెండో పూట ఏది దొరికితే అది అన్నాడు. ఎందుకు అడిగానో చెప్పాను. పెళ్లికాని మగపిల్లవాడు సంపాదనలో సగం తన మీదే ఖర్చు పెట్టుకుంటాడని కోర్టులు అనుకుంటాయి. పోయినప్పుడు ఆ సగం తీసేసి మిగిలిన సగమే తల్లికి లెక్క కడతాయి. షికార్లు చేసినవాడికీ సగమే, ఒంటి పూట తిన్నవాడికీ సగమే. శ్రీకాంత్ ముందు నేను ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి, "ఆయన తినని పూటది గూడ కోస్తరా మేడం" అని అడిగాడు. కోస్తారని చెప్పి వచ్చేశాను.

జాలి ఎక్కువైన తీర్పు

ట్రిబ్యునల్‌లో లచ్చవ్వను ప్రశ్నించే వంతు నాకు వచ్చింది. బక్కపలచటి మనిషి. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. పక్కన బెంచీ మీద రజిత స్కూలు బట్టల్లో కూర్చుంది, అప్పటికి పదిహేనేళ్ల పిల్ల. అలవాటు ప్రకారం ముందు వయసు అడిగాను. నీకెన్నేళ్లమ్మా అన్నానో లేదో, "అరవై అయిదు" అంది.

తడుముకోలేదు, ఉంటయేమో అనలేదు. క్లర్కు కూడా తలెత్తి ఆమెను చూశాడు. వాళ్ల లాయర్ ఇంకో ఫైలు తిరగేస్తున్నాడు, వినిపించుకోలేదు. నాకు నర్సింగరావు గారి మాట గుర్తొచ్చింది. ఎవరో చెప్పించిన అంకె ఇది. కానీ చెప్పించేవాళ్లు వాళ్లకు లాభం వచ్చే అంకె చెప్పిస్తారు కదా, ఈమె మాకు లాభం వచ్చే అంకె ఎందుకు చెబుతోంది? అర్థం కాలేదు. కావలసిన జవాబు వచ్చాక లాయర్ మళ్లీ అదే ప్రశ్న వేయకూడదు, ఇది మీరూ నేర్చుకోండి. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

వాదనలో నేను చెప్పింది సూటిగా చెప్పాను. పరీక్ష రాసినవాడల్లా ఆఫీసర్ కాడు. ఇంటర్వ్యూకు పిలిచినవాళ్లలో చాలామంది ఇంటికే పోతారు. నరేశ్ ఆఫీసర్ కాలేదు, కాలేదు కాబట్టి ఆఫీసర్ జీతం లెక్క వేయకూడదు. ఇంగ్లీషులో వాదించినా మధ్యమధ్య తెలుగులో పడతాం. లచ్చవ్వ నన్నే చూస్తూ కూర్చుంది.

తీర్పు చదివి నాకు దిమ్మ తిరిగింది. హాస్టల్ పిల్లలు వరసగా వచ్చి, మా నరేశన్న తప్పకుండా డిప్యూటీ కలెక్టర్ అయ్యేవాడని సాక్ష్యం చెప్పారు. జడ్జిగారు అదంతా నమ్మారు. నరేశ్‌ను డిప్యూటీ కలెక్టర్‌ను చేసేసి, ఆ జీతం రాసేశారు. సగం కోయవలసిన చోట మూడో వంతే కోశారు. తల్లి వయసు చూడవలసిన చోట కొడుకు వయసు చూసి పెద్ద అంకెతో గుణించారు. మొత్తం ముప్పై నాలుగు లక్షలు. ఒక్క అంకె కూడా హైకోర్టులో నిలవదని నాకు తెలుసు.

ఆ జడ్జిగారు చాలా మంచి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. కాబోయే జడ్జీలు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట కాస్త వినండి. నిలవని తీర్పు రాయడం దయ కాదు. పద్ధతిగా రాసి ఉంటే ఆ తల్లి చేతికి ఏడాదిలో డబ్బు వచ్చేది, కంపెనీ అప్పీలుకు కూడా పోయేది కాదు. ముప్పై నాలుగు లక్షలు రాయబట్టి అప్పీలు పడింది, మూడేళ్లు నలిగింది. ఈలోగా కంపెనీ కోర్టులో కట్టిన డబ్బులోంచి లచ్చవ్వను తీసుకోనిచ్చింది కొంచెమే. ఆ కొంచెం పాత అప్పులకు సరిపోయింది. రజిత ఇంటర్ అయి నర్సింగ్‌లో సీటు తెచ్చుకుంది, ఆ చదువంతా ఈ డబ్బు మీదే ఆధారపడి ఉందని వాళ్ల లాయర్ నాతోనే అన్నాడు.

మూడు కోతలు

హైకోర్టులో నా పని సులువు. ఒకటి, ఆఫీసర్ జీతం తీసేయండి, అంత చదివిన కుర్రాడు మామూలుగా ఎంత సంపాదిస్తాడో అదే వేయండి అన్నాను. రెండు, పెళ్లికానివాడు కాబట్టి సగం తీసేయండి అన్నాను. రెండింటికీ జడ్జిగారు తలూపారు. మూడోది, తల్లి వయసు అరవై ఐదని ఆమే ప్రమాణం చేసి చెప్పింది, ఏడుతో గుణించండి అన్నాను. దాంతో ముప్పై నాలుగు లక్షలు ఆరు లక్షల చిల్లరకు దిగిపోతుంది.

జడ్జిగారు గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తులు. కాగితాలు వెనక్కి తిప్పారు, ముందుకు తిప్పారు. అరవై ఐదేళ్లావిడకు పదిహేనేళ్ల కూతురేంటి మేడం అన్నారు. అది ఆమె మాట, నా మాట కాదు సార్ అన్నాను. లచ్చవ్వ లాయర్ లేచి, పల్లెటూరి మనిషి, కంగారులో ఏదో చెప్పింది, నలభై మూడుకు మించదని బతిమాలాడు. కాగితం మీదేమో అరవై ఐదు. జడ్జిగారు పెన్ను కింద పెట్టేసి, ఈ శనివారం లోక్ అదాలత్‌లో నేనే కూర్చుంటున్నాను, ఆవిడను తీసుకురండి, మీ మేనేజర్‌ను కూడా రమ్మనండి, కూర్చుని మాట్లాడదాం అన్నారు.

శనివారం

లోక్ అదాలత్‌లో బోనులుండవు. ఒక బల్ల చుట్టూ అందరం కూర్చుంటాం. ఒక పక్క లచ్చవ్వ, రజిత, వాళ్ల లాయర్. ఇంకో పక్క నేను, బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి వచ్చిన కంపెనీ మేనేజర్. రజిత ఇప్పుడు పందొమ్మిదేళ్ల పిల్ల. లచ్చవ్వ కొంగు భుజం నిండా కప్పుకుని కుర్చీ అంచున కూర్చుంది.

జడ్జిగారు మంచినీళ్లు ఇప్పించి, నెమ్మదిగా అడిగారు, "అమ్మా, నీ వయసెంత?"

"అరవై అయిదు సారు."

నాలుగేళ్ల క్రితం కూడా అదే చెప్పావు కదమ్మా అన్నారాయన. లచ్చవ్వ బల్ల వైపు చూసింది. నాలుగేళ్లు గడిచినా కదలని వయసు నేను ఎక్కడా చూడలేదు. మా మేనేజర్‌కు నవ్వొచ్చింది. జడ్జిగారు నవ్వలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు వివరించారు. వయసు ఎక్కువ చెబితే డబ్బు తగ్గుతుందమ్మా, నీ వయసు నలభై చిల్లర అయితే వచ్చేదాంట్లో, అరవై ఐదంటే సగమే వస్తుంది, తెలిసి చెబుతున్నావా అని అడిగారు.

"ఎరుకే సారు" అంది లచ్చవ్వ.

అప్పటిదాకా ఆమె తెలియక చెబుతోందని అందరం అనుకున్నాం. నేనూ అంతే. వాళ్ల లాయర్ తల పట్టుకున్నాడు. అప్పుడు రజిత తల్లి చెయ్యి పట్టుకుని, "పింఛన్ పోతే పోనియ్యే అమ్మా. ఇగ నిజం చెప్పు" అంది. జడ్జిగారు ఏం పింఛనమ్మా అని అడిగితే ఆ పిల్లే చెప్పింది.

వాళ్ల నాయన దుబాయ్ పోయి రాలేదు. చనిపోయాడని కాగితం లేదు కాబట్టి లచ్చవ్వకు వితంతు పింఛన్ ఇవ్వలేదు. ఇంట్లో పూట గడవని రోజులు. నరేశ్ చాలా చోట్ల తిరిగాడు, చాలామందిని అడిగాడు. చివరికి తల్లి వయసు అరవై ఐదని తనే దరఖాస్తు రాసి, ఆ వయసు నిండినవాళ్లకే ఇచ్చే వృద్ధాప్య పింఛన్ పెట్టించాడు. నెలకు రెండు వందలు. ఎవరు అడిగినా అరవై అయిదనే చెప్పు, మాట మార్చకు అని తల్లికి చెప్పాడు. ఊరందరికీ దరఖాస్తులు రాసినవాడు తల్లికి రాసింది అదీ.

నెలకు రెండు వందల కోసం ఈమె లక్షలు వదులుకుంటోందా అనుకున్నాను. జడ్జిగారు కూడా అదే అనుకున్నట్టున్నారు. ఇక్కడ చెప్పింది పింఛన్ వాళ్లకు మేం చెప్పం, భయపడకమ్మా అన్నారు.

లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. "పింఛన్ సంగతి కాదు సారు. గా రెండు నూర్లు రాకున్న బతుకుత. వాడు ఊరందరికి దరఖాస్తులు రాసిచ్చిండు. ఒక్కని దగ్గర చాయ తాగలే. నా ఒక్కదానికే అబద్ధం రాసిండు. ఇయ్యాల కోర్టుల నేను నిజం చెప్తే, వాడు దొంగ రాత రాసిండని కాయితం మీదికెక్కుతది. పైసలు సగమైతే సగమే కానీయుండ్రి."

ఆమె నా వైపు తిరిగింది.

"లాయరమ్మా, వాడు ఆఫీసర్ కాలేదని నువ్వే అన్నవ్. నిజమే, కాలేదు. ఆఫీసర్ అని రాయకున్న మంచిదే. దొంగ అని మాత్రం రాయనియ్యకు."

ఈ వృత్తిలో ఎన్నో చూశాను. కాళ్లు పోయినవాళ్లను చూశాను, డబ్బు కోసం అన్నదమ్ములు కోర్టు వరండాలో కొట్టుకోవడం చూశాను. ఏడవని కేసు లేదు. కానీ ఇలాంటిది చూడలేదు. నా ఎదురుగా ఉన్న మనిషి ఏం పోగొట్టుకుంటోందో పైసలతో సహా తెలిసి పోగొట్టుకుంటోంది. నా ప్రశ్నకు వచ్చిన జవాబు అనుకుని సంబరపడి ఫైలులో దాచుకున్న ఆ అంకె, ఒక కొడుకు తల్లికి అప్పజెప్పిన మాట.

జడ్జిగారు ముందున్న కాగితాలు మూసేశారు. వయసు గురించి ఇక ఈ బల్ల దగ్గర ఎవరూ మాట్లాడొద్దు అన్నారు. తర్వాత నాతో, ఇది రాజీ మేడం, రాజీలో లెక్క ఎలా కట్టామో రాయక్కర్లేదు, మొత్తం రాస్తే చాలు, మీ కంపెనీ ఏమిస్తుందో బయటికెళ్లి మాట్లాడుకుని రండి అన్నారు. ఆ మాట వినేదాకా నాకు ఆ దారి తట్టలేదు.

వరండాలో మేనేజర్ ససేమిరా అన్నాడు. "జడ్జి ముంగట ఆమెనే అరవై అయిదు అన్నది కద మేడం. ఏడుతోని గుణిస్తే అయిపాయె. మీరెందుకు పరేషాన్ అయితున్రు?"

ముందు ఆయనకు లెక్కే చెప్పాను. ఈ రాజీ కుదరకపోతే, తల్లి వయసు తేల్చమని కేసును మళ్లీ కిందికి పంపుతారు. పందొమ్మిదేళ్ల కూతురు పక్కనుండగా ఆ వయసు నిలవదు. ఇంకో మూడేళ్ల వడ్డీ మన నెత్తిన పడుతుంది. లోక్ అదాలత్‌లో అయితే ఈ రోజుతో అయిపోతుంది, దీని మీద ఇక అప్పీలు కూడా లేదు. ఆయన వింటున్నాడే కానీ కదలడం లేదు. అప్పుడు లెక్క పక్కన పెట్టాను.

"సార్, ముప్పై నాలుగు తప్పు. అది కోయించిన, ఇంక కోయమంటే కోస్త. కానీ ఆ అమ్మకు అరవై అయిదు లేవని మీకు తెలుసు, నాకు తెలుసు. తెలిసి అబద్ధం మీద గెల్వమంటే నాతోని కాదు. ఇంకో లాయర్‌ని చూస్కోండి."

అయితే పద్నాలుగుతో గుణించాలా అని మేనేజర్ అడిగాడు. పద్నాలుగే అన్నాను. వరండా చివరికి పోయి పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఏమన్నారో నాకు తెలియదు, ఆయన మాత్రం రెండుసార్లు గట్టిగా మాట్లాడాడు. వచ్చి, సరే పదండి అన్నాడు.

వడ్డీతో కలిపి పదిహేను లక్షలకు కుదిరింది. ముప్పై నాలుగులో సగం కూడా కాదు. అయినా ఆ కేసుకు నేను ఇవ్వగలిగిన సరైన లెక్క అదే, ఈ రోజు అడిగినా అదే చెబుతాను. రజిత ఏడ్చింది. లచ్చవ్వ ఎంత అని కూడా అడగలేదు. రాత పని చూసే క్లర్కు కాగితం ముందుకు లాక్కుని నింపడం మొదలుపెట్టాడు. పేరు, భర్త పేరు, ఊరు. పాపం అతను ఇందాకటి మాటలప్పుడు గదిలో లేడు. తలెత్తకుండా, వయసెంత అని అడిగాడు.

రజిత నోరు తెరవబోయి ఆగిపోయింది. జడ్జిగారు కిటికీ వైపు చూస్తున్నారు. మేనేజర్ పెన్ను మూత తీసి పెడుతున్నాడు. లచ్చవ్వ జవాబు చెప్పకుండా నా వైపు చూసింది.

"అరవై ఐదు రాయండి" అన్నాను.

క్లర్కు ఒకసారి ఆమె నల్లటి జుట్టు చూశాడు, నన్ను చూశాడు, రాశాడు. లచ్చవ్వ ముందుకు వంగి ఆ కాగితం చూసింది. చదవడం రాదు. రాసిండ్రా అని నన్నడిగింది. రాశారమ్మా, నరేశ్ చెప్పిందే రాశారు అన్నాను. అప్పుడు వేలిముద్ర వేసింది.